ఎండబెట్టిన ఫోను

నా కూతురు ఫ్లోరా పెట్టిన షరతు ఒక్కటే. రోజూ సాయంత్రం ఐదింటికి నేను ఫోన్ చెయ్యాలి. ఏ ఊళ్ళో ఉన్నా, ఏ చెట్టు కింద ఉన్నా, ఐదింటికి నా గొంతు తనకు వినబడాలి. ఒక్కరోజు తప్పితే ఆ రోజుతో నా సైకిలు ప్రయాణం ఆఖరు. కారు వేసుకుని వచ్చి నన్నూ, సైకిలునూ నెల్లూరుకు తీసుకుపోతుంది.

నేను ఎదురు చెప్పలేదు. కారణం ఇద్దరికీ తెలుసు.

నా భార్య ఆనందకుమారి పల్లెలు తిరిగి పిల్లలకు టీకాలు వేసే నర్సు. నాలుగేళ్ళ కిందట ఒక బుధవారం మనుబోలు అవతల రెండు ఊళ్ళు చూసుకుని స్కూటీ మీద తిరిగి వస్తూ, గుండెలో నొప్పి వచ్చి దారి పక్కన తుమ్మచెట్టు కింద కూర్చుంది. అప్పటికే ఆమె ఫోన్లో చార్జింగ్ అయిపోయింది. అది అడ్డదారి, పెద్దగా ఎవరూ రారు. సాయంత్రం ఐదింటి నుంచి ఏడింటి దాకా ఫ్లోరా ఆ నంబరుకు చేస్తూనే ఉంది. ప్రతిసారీ ఒకటే గొంతు, ఫోన్ స్విచ్ఛాఫ్ చేసి ఉందని మర్యాదగా చెప్పే గొంతు. ఏడున్నరకు ఒక పాలవాడు ఆనందకుమారిని చూశాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

"నువ్వు ఎక్కడికైనా పో నాన్నా. ఆ గొంతు మాత్రం నాకు మళ్ళీ వినిపించొద్దు" అంది ఫ్లోరా.

తడ నుంచి మైపాడు దాకా సముద్రం వెంబడి సైకిలు మీద పోతానని నేను చెప్పినప్పటి మాట ఇది. గూడూరు కాలేజీలో ముప్పై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. ఆనందకుమారి పోయాక కూతురు నన్ను తన ఇంటికి తెచ్చుకుని గాజు గ్లాసును చూసుకున్నట్టు చూసుకుంటోంది. అందులో నాకే లోటూ లేదు. ఒక్కసారి గాలికి ఎదురుగా పోవాలనిపించింది, అంతే. ఐదు రోజుల పని. రోజుకు పాతిక కిలోమీటర్లు. అది కూడా చెయ్యలేకపోతే ఇక ఆ గాజు గ్లాసు బీరువాలోంచి బయటికి రాదని లోలోపల తెలుసు.

బయలుదేరే ముందు ఫ్లోరా ఒక సోలార్ ప్యానెల్ కొనిచ్చింది. మడిస్తే పెద్ద అట్ట పుస్తకమంత. విప్పితే నాలుగు నల్లటి పలకలు, వెనక ఒక చిన్న సంచి. ఆ సంచిలో వైరు ఉంటుంది. ఫోన్‌ను దానికి తగిలించి లోపలే నీడలో పెట్టాలి. సైకిలు వెనక మూటల మీద దాన్ని పరిచి క్లిప్పులు పెడితే నేను తొక్కుతున్నంతసేపూ ఫోన్ నిండుతుంది. కాకపోతే దానికి ఎండ మొహాన పడాలి. తూర్పుకు పోతే ఒకలాగా, ఉత్తరానికి పోతే ఒకలాగా తిప్పుకోవాలి. ఒక పలక మీద నా చెయ్యంత నీడ పడినా చాలు, మొత్తం అలిగి కూర్చుంటుంది. దాని అలకలు నేర్చుకోవడానికి నాకు ఒక పూట పట్టింది.

మొదటి రెండు రోజులూ మబ్బే. ప్యానెల్ పెద్దగా పని చెయ్యలేదు. అయినా దారిలో దయ దొరుకుతూనే ఉంది. సూళ్ళూరుపేటలో టీ కొట్టాయన నేను అడగకముందే నా ఫోన్ తీసి తన ప్లగ్గులో పెట్టాడు. ఇంకొక చోట ఒక ముసలమ్మ నా టైరులో దిగిన ముల్లును చూసి, గాలి పోకముందే ఆపి చూపించింది. రెండు రోజులూ ఐదింటికి ఫ్లోరాకు ఫోన్ చేశాను. "తిన్నావా?" అంటుంది. "తిన్నాను" అంటాను. "సరే, పెట్టేస్తున్నా" అంటుంది. పెట్టెయ్యదు. ఒక నిమిషం ఇద్దరం ఊరికే అలా ఉంటాం.

మూడో రోజు కోట దాటి తూర్పుకు తిరిగి, రొయ్యల గుంటల మధ్య గట్ల మీద తొక్కుకుంటూ, మధ్యాహ్నం పన్నెండు దాటాక సముద్రం ఒడ్డున ఉన్న ఒక చిన్న పాళెం చేరాను. ఇసక అంచున పొడుగ్గా సరుగుడు తోట, తోటకూ నీళ్ళకూ మధ్య నలభై ఇళ్ళు. ఫోన్లో నాలుగు శాతం ఉంది. విడిగా తెచ్చుకున్న చార్జింగ్ డబ్బా కూడా ముందు రోజే ఖాళీ అయింది. ఊళ్ళో ప్లగ్గు దొరుకుతుందిలే అనుకున్నాను. కరెంటు లేదు. కొత్త స్తంభాలు నాటుతున్నారట, సాయంత్రం ఆరు దాకా రాదట.

అయితే ఎండ వచ్చింది. మూడు రోజుల్లో మొదటిసారి మంచి, గట్టి ఎండ. చూసి లోపల స్తోత్రం చెప్పుకున్నాను.

ఇసక మీద పాత వలలు పరిచి ఆడవాళ్ళు వేలెడంత నెత్తళ్ళ చేపలు ఎండబెడుతున్నారు. వాటి పక్కన కాస్త జాగా చూసుకుని నేనూ ప్యానెల్ విప్పి, కింద రెండు ఇటుకలు పెట్టి ఎండకు వాల్చాను. ఫోన్‌ను సంచిలో పెట్టాను. చార్జింగ్ ఎక్కుతున్న గుర్తు వెలిగింది.

చేపలు తిరగేస్తున్న ఒకావిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది. యాభై దాటి ఉంటాయి. పేరు పెంచలమ్మ అని తరవాత తెలిసింది.

"ఏందన్నా అది? నల్ల దుప్పటా?"

నాకు సరదా పుట్టింది. "మీరు చేపలు ఎండబెట్టుకుంటున్నారు గదమ్మా. నేను ఫోను ఎండబెట్టుకుంటున్నా" అన్నాను.

"అయ్యో, నీళ్ళలో పడిందా?"

"రెండు రోజుల నుంచి దానికి ఎండే లేదమ్మా" అన్నాను, ఆ సరదాలోనే.

"మా తమ్ముడు హరినాథ్‌ది కూడా ఇట్టానే తడిసింది. పడవలో నుంచి జారింది. ఎండబెట్టి, బియ్యంలో పెడితే మూడో రోజుకు మాట్లాడింది. భయపడబాకు." అని నన్ను పైనుంచి కిందికి చూసి, "ఈ వయసులో సైకిలేందన్నా? ఇంట్లో కొట్లాడి వచ్చినావా?" అంది.

"లేదమ్మా, చెప్పే వచ్చినా."

"చెప్పి వచ్చినోళ్ళ మొహం ఇట్టా ఉండదే! రా, కూడు తిందువు."

వద్దన్నా వినలేదు. వంటపాకలో కూర్చోబెట్టి అన్నం, నెత్తళ్ళ పులుసు పెట్టింది. నేను కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటుంటే గరిటె పట్టుకుని నిలబడి, నేను కళ్ళు తెరిచాకే వడ్డించింది. ఆ తరవాత వలలు దాచే పాక చూపించి, కాసేపు నడుం వాల్చమంది. ఒక్క అరగంట అనుకున్నాను. గాలికి ఎదురుగా తొక్కిన కాళ్ళు, కడుపు నిండా అన్నం, పాకలో వలల వాసన, పక్కన అలల చప్పుడు. మెలకువ వచ్చేసరికి నాలుగూ నలభై.

లేచి ఇసక మీదికి వచ్చాను. నెత్తళ్ళు ఉన్నాయి. నా ఇటుకలు ఉన్నాయి. ప్యానెల్ లేదు.

పెంచలమ్మ దూరం నుంచే చూసి చెయ్యి ఊపింది. "భద్రంగా ఉండాదిలే అన్నా, కంగారుపడబాకు" అంటూ ఇంట్లోకి పోయి ప్యానెల్ తెచ్చింది. నీటుగా నాలుగు మడతలు పెట్టి, పాత చీర ముక్కలో చుట్టి, చంటిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని తెచ్చింది.

"నువ్వు పడుకోంగానే మబ్బు పట్టి నాలుగు చినుకులు పడినాయి. అందరం ఉరికినాం. నా చేపలు తీసినా, పక్కింటి ఇందిరమ్మవి తీసినా, నీది కూడా తీసినా. మా దగ్గర అంతే, మబ్బు పడితే ఎవురివని చూడం, ఎండేసినవన్నీ లోపలికి తెస్తాం."

"మంచిదమ్మా" అన్నాను. "మళ్ళా ఎండ వచ్చింది గదా?"

"వచ్చింది. చేపలు మళ్ళా పరిచినాం."

"మరి ఇది?"

"ఇదెందుకన్నా? చెయ్యి పెడితే సుర్రుమనింది. చేపకైతే ఇంకా రెండు రోజులు పట్టుండు. నీది బాగా ఎండిపోయింది" అంది గర్వంగా. "ఇంక తడి ఉంటే అదీ పోతాదని ఫోను తీసి బియ్యం డబ్బాలో పెట్టినా."

బియ్యం డబ్బాలోంచి ఫోన్ వచ్చింది. మూలల్లో నూకలు ఉన్నాయి. మీట నొక్కాను. చిన్న ఖాళీ బ్యాటరీ బొమ్మ ఒకటి కనబడి మాయమైంది. తరవాత ఎంత నొక్కినా నా మొహమే కనబడింది. ఎక్కిన ఆ కాస్త చార్జింగూ డబ్బాలో సిగ్నలు వెతుక్కుంటూనే అయిపోయినట్టుంది.

ముప్పై ఏళ్ళు పిల్లలకు ఫిజిక్సులో ఏ మాట ఎక్కడ వాడాలో చెప్పినవాణ్ణి. ఎండబెట్టడమని చెప్పింది నేను. ఆవిడ ఆ మాటను నమ్మింది, నమ్మి నాకు మేలు చేసింది.

కానీ నా మొహంలో ఏదో చూసి ఆవిడ నవ్వు ఆగింది. "ఏమైందన్నా?"

చెప్పాను. అది ఎండతో కరెంటు పుట్టించే పలక అని, ఫోన్ తడవలేదని, ఆకలితో ఉందని. ఐదింటికి నా కూతురికి ఫోన్ చెయ్యకపోతే ఏమవుతుందో కూడా చెప్పాను. తుమ్మచెట్టు సంగతి చెప్పాలనుకోలేదు. అది కూడా చెప్పాను.

పెంచలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని విన్నది. తరవాత ఒక్క మాట కూడా వృథా చెయ్యలేదు. రవికెలోంచి తన చిన్న మీటల ఫోన్ తీసి ఇచ్చింది. "చెయ్. దీంట్లో చార్జింగ్ ఉండాది."

తీసుకుని, నిలబడిపోయాను.

"చెయ్యన్నా!"

"నంబరు నోటికి రాదమ్మా. ఫోన్లోనే ఉంది."

"కూతురు నంబరా?"

"అవును."

"కాలేజీలో పాఠాలు చెప్పినాను అంటివి! పది అంకెలు రావా?"

నాకు నోటికి వచ్చే నంబరు ఈ లోకంలో ఒకటే. దాన్ని నొక్కితే ఇప్పుడు ఎవరూ పలకరు. ఆ సంగతి పెంచలమ్మకు చెప్పలేదు.

ఇంతలో ఆవిడ తమ్ముడు హరినాథ్ వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, నీళ్ళ అంచున పడవ ఇంజను విప్పుకుని ఏదో చేస్తున్నవాడు, అక్క అరుపు విని చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. సిమ్ము తీసి అక్క ఫోన్లో వేస్తే ఫ్లోరా చేసే ఫోనైనా వస్తుందని చెప్పాడు. మంచి ఆలోచన. పెంచలమ్మ పుస్తెలకు ఉన్న పిన్నీసు తీసి ఇచ్చింది. సిమ్ము బయటికి వచ్చింది, గోరంత. ఆవిడ ఫోన్లో దాని చోటు బొటనవేలంత. రెండు సార్లు పెట్టి చూశాం, రెండు సార్లూ జారి లోపల గలగలమంది. కిందా మీదా పడి దాన్ని బయటికి తీసి మళ్ళీ నా ఫోన్లో పెట్టేసరికి ఐదుకు ఎనిమిది నిమిషాలు.

"కోటకు పోదామా సార్? బండి ఉంది" అన్నాడు హరినాథ్.

"ఎంతసేపు?"

"గట్ల మీద గదా. ముప్పావు గంట."

అప్పటికి ఫ్లోరా, తను లెక్కలు చెప్పే బడి అయిపోయి ఇంటికి వచ్చి, ఫోన్ ముందు పెట్టుకుని కూర్చుని ఉంటుంది. మధ్యాహ్నం ఒకసారి చేసి కూడా ఉంటుంది. చేసి ఉంటే ఆ గొంతు ఒకసారి వినే ఉంటుంది. ప్రయాణం ఆగిపోవడం గురించి అప్పుడు నేను అనుకోలేదు. ఆ గొంతు గురించే అనుకున్నాను.

ప్యానెల్ మళ్ళీ విప్పి ఇసక మీద పెట్టాను. గుర్తు వెలగలేదు. తల ఎత్తి చూస్తే ఎండ లేదు. సముద్రం మాకు తూర్పున. పొద్దు వాలేది సరుగుడు తోట వెనక. తోట నీడ పొడుగ్గా సాగి ఇళ్ళను దాటి, ఇసకను దాటి, నీళ్ళ దాకా వచ్చేసింది. ప్యానెల్ పట్టుకుని నీళ్ళలోకి మోకాళ్ళ దాకా దిగాను. నీడ నా కంటే ముందే అక్కడ ఉంది.

"ఎండ అయిపోయింది" అన్నాను.

"ఎక్కడ అయిపోయింది?" అంది పెంచలమ్మ. "అదో చూడు. నీడ ఆ అలల దాకానే. దానవతల తళతళా మెరుస్తా ఉండాది." తమ్ముడి వైపు తిరిగింది. "రేయ్, ఇంజను బిగించు."

"అక్కా, ఫోను చార్జింగ్ కోసరం పడవ తీసేదా?"

"రొయ్యల సేటు ఫొటోలు దిగుతానంటే తీసినావే! అప్పుడు నోరు లేవలేదేం?"

హరినాథ్ నీళ్ళ అంచుకు పరిగెత్తాడు. ఇంజను బిగించడానికి ఆరు నిమిషాలు పట్టింది. నేను లెక్కపెట్టాను. నేను ఎక్కాను. పెంచలమ్మ చీర ఎగదోపుకుని తనూ ఎక్కబోయింది.

"నువ్వెందుకక్కా?"

"ఇంజను పట్టేదానికే నీకు రెండు చేతులు చాలవు. సార్ ఫోను పట్టుకోవాల. పలక ఎవురు పడతారు, మీ మామా? నేను పెట్టిన చిక్కు ఇది. నేనే తీస్తా."

ఒడ్డు దగ్గరి రెండు అలలు మమ్మల్ని ఎత్తి దించాయి. మూడోది దాటాక నీళ్ళు నెమ్మదించాయి. నీడ అంచు నీళ్ళ మీద గీత గీసినట్టు ఉంది. దాన్ని దాటగానే ముగ్గురి మొహాల మీదా వెచ్చగా ఎండ పడింది. హరినాథ్ ఇంజను తగ్గించి పడవను అక్కడే నిలిపాడు.

పెంచలమ్మ పడవ మధ్యలో కాళ్ళు చాపి కూర్చుని ప్యానెల్‌ను గుండెల మీద నిలబెట్టి ఒడ్డు వైపు తిప్పింది, పెళ్ళిలో బహుమతి పటాన్ని అందరికీ చూపించినట్టు. నేను వైరు తగిలించాను. గుర్తు వెలిగింది. పడవ ఊగింది. ఆరిపోయింది. మళ్ళీ వెలిగింది, మళ్ళీ ఆరిపోయింది.

"ఎండకు దీని మొహం చూపించాల, అంతేగా?" అంది.

"అంతేనమ్మా. కదలకుండా."

"పడవ కదలకుండా ఉంటాదా? ఉండు."

ఆ తరవాత ఆవిడ చేసిన పని నేను ఏ తరగతి గదిలోనూ చూపించలేకపోయాను. పడవ ఎడమకు వాలితే ప్యానెల్ కుడికి వాల్చింది. ముందుకు వంగితే వెనక్కి ఒరిగింది. సూర్యుడి వైపు చూడటం లేదు. పలక మీద పడే వెలుగునే చూస్తోంది. ముప్పై ఏళ్ళుగా ఎండ ఏ వైపు నుంచి వస్తుందో చూసి చేపను తిప్పిన చేతులు అవి. గుర్తు ఇంక ఆరలేదు.

ఐదూ పది. ఐదూ పదిహేను. ఐదూ పద్దెనిమిదికి ఫోన్ వణికి తెర వెలిగింది. రెండు శాతం. నేను ఫ్లోరా పేరు వెతికేలోపు మోగింది.

"అమ్మా" అన్నాను.

అవతల ఏమీ లేదు. కారు చప్పుడు, లారీ హారను. తరవాత, "నాన్నా" అంది.

"బాగున్నానమ్మా. నాకేం కాలేదు. ఫోన్ చచ్చిపోయింది, అంతే."

"ఎక్కడున్నావు?"

అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. "సముద్రంలో" అన్నాను.

"సముద్రంలోనా!"

"పడవలోనమ్మా. ఎండ కోసం."

పెంచలమ్మ ఇంక ఆగలేకపోయింది. ప్యానెల్ వెనక నుంచే గట్టిగా అరిచింది. "అమ్మా! మీ నాయన తప్పేం లేదు! ఎండిపోయిందని నేనే తీసి లోపల పెట్టినా!"

"ఎవరు నాన్నా అది? ఏంది ఎండిపోయింది?"

"అన్నీ చెప్తానమ్మా."

"మధ్యాహ్నం నుంచీ స్విచ్ఛాఫే, బడి కాగానే కారు తీసినాను. మనుబోలు దాటినాను. ఊరి పేరు చెప్పు. అక్కడే ఉండు, కదలొద్దు." గొంతు గట్టిగా ఉంది. కానీ మాటకూ మాటకూ మధ్య ఊపిరి అందడం లేదు. ఊరి పేరు చెప్పాను. ఒక్క నిమిషం ఇద్దరం ఊరికే ఉన్నాం. ఫోన్ ఆరిపోయింది.

ఒడ్డుకు వచ్చేదాకా పెంచలమ్మ ప్యానెల్ దించలేదు. దిగాక నా మొహం చూడకుండా, "నీ ప్రయాణం నేను చెడగొట్టినా గదన్నా" అంది.

"నేనేనమ్మా. సరదాగా ఒక మాట అని, సరిచెయ్యకుండా నిద్రపోయినా."

సంచులు సర్దాను. ప్యానెల్ మడిచాను. సైకిలును దారి దగ్గరికి తోసి, కారు మీదికి ఎక్కించడానికి వీలుగా హ్యాండిల్ తిప్పి పెట్టాను. షరతు షరతే. తను రెండోసారి ఆ గొంతు విన్నది. దాని ముందు నా మైపాడు ఏపాటిది? అనుకున్నానే గాని, సైకిలు సీటు మీద చెయ్యి వేసి నిలబడితే తియ్యాలనిపించలేదు.

చీకటి పడుతుండగా కారు వచ్చింది. ఫ్లోరా దిగి నా దగ్గరికి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని చూసింది, మోచేతుల దాకా తడిమి చూసింది. చిన్నప్పుడు తను పడిపోతే వాళ్ళమ్మ అలాగే చూసేది.

"పదహారు సార్లు చేశాను" అంది.

"తెలుసమ్మా."

"పదహారు సార్లూ..." అని ఆగిపోయింది.

పెంచలమ్మ మంచినీళ్ళ చెంబు పట్టుకుని వచ్చి నిలబడింది. "ముందు తాగమ్మా. తాగి, నన్ను తిట్టు."

ఫ్లోరా తాగింది. పెంచలమ్మ జరిగిందంతా చెప్పింది. నా మాట, చినుకులు, సుర్రుమనడం, బియ్యం. లెక్కల టీచరు గదా, ఫ్లోరా మధ్యలో ఒక ప్రశ్న అడిగింది. "మళ్ళీ ఎండ వచ్చిందన్నారు గదా, అప్పుడు ఎందుకు పెట్టలేదు?"

"ఎండిపోయింది గదమ్మా!"

ఫ్లోరాకు నవ్వు వచ్చింది. ఆపుకోబోయింది, ఆగలేదు. నవ్వుతూనే ఏడ్చింది, చెంబు అలాగే పట్టుకుని ఇసకలో కూర్చుండిపోయింది. పెంచలమ్మ పక్కనే చతికిలబడింది.

కాసేపటికి ఫ్లోరా అడిగింది. "మీ ఇంట్లో వాళ్ళు సముద్రం మీదికి పోతే ఫోన్ తగులుతుందా?"

"కొంచెం దూరం పోతే టవరు రాదమ్మా."

"మరి ఎట్లా ఉంటారు?"

"ఒడ్డుకు వచ్చినోళ్ళని అడుగుతా. ఎవురో ఒకరు చూసుంటారు. 'మీవాడు ఫలానా చోట వల వేస్తా ఉండాడు, పొద్దు దిగేతలికి వస్తాడు' అంటారు. నాకు అదే ఫోను."

ఫ్లోరా ఇసక వైపు చూస్తూ, నాకు వినబడీ వినబడనంత మెల్లగా, "మా అమ్మను ఎవరూ చూడలేదు" అంది.

పెంచలమ్మ ఫ్లోరా చేతిలోంచి చెంబు తీసుకుని పక్కన పెట్టింది. "చూసుంటే లోపలికి తెచ్చుకునుంటాం తల్లీ" అంది. "ఎవురైనా సరే."

నేను తోట వైపు తిరిగి నిలబడ్డాను. అలల చప్పుడు అంతసేపూ ఉంది, అప్పుడే విన్నాను. ఊళ్ళో కరెంటు వచ్చింది. ఒక్కొక్క ఇల్లే వెలిగింది. నేను చెప్పకుండానే ఎవరో నా ఫోన్ తీసుకుపోయి ప్లగ్గులో పెట్టారు.

ఫ్లోరా లేచి చీర దులుపుకుంది. నేను సైకిలును కారు దగ్గరికి నడిపించాను. "తాడు తెచ్చినావా అమ్మా? లేకపోతే ముందు చక్రం విప్పితే వెనక సీట్లో పడుతుంది" అన్నాను.

"ఎక్కడికి?"

"ఇంటికి. షరతు గదా."

తను సైకిలు వైపు చూసింది. వెనక మూటల మీద మడిచి ఉన్న ప్యానెల్ వైపు చూసింది. "మైపాడు ఇంకెంత దూరం?"

"రెండు రోజులు."

"నా నంబరు చెప్పు."

నేను నోరు తెరిచాను. మొదటి నాలుగు అంకెలు వచ్చాయి.

"అదీ సంగతి!" అంది పెంచలమ్మ వెనకనుంచి.

"నంబరు నోటికి వచ్చేదాకా ఈ ఊరు దాటేది లేదు నాన్నా. ఫోన్ చచ్చిపోతే కనబడిన వాళ్ళ ఫోన్ అడిగి చెయ్యి. ఎవరైనా ఇస్తారు." ఆ చివరి మాట తనకు తానే చెప్పుకున్నట్టు అంది.

ఆ సాయంత్రం నా కూతురు నాకు పాఠం చెప్పింది. రెండేసి అంకెలుగా విడగొట్టి, ఎక్కాలు వల్లె వేయించినట్టు వల్లె వేయించింది. వంటపాక ముందు అరుగు మీద కూర్చుని అన్నం తింటూ చెప్పాను, చేతులు కడుక్కుంటూ చెప్పాను. ఏడో అంకె దగ్గర తప్పిపోతున్నాను. హరినాథ్‌కు నవ్వు. "సార్, మీరు కూడా కాలేజీలో పిల్లకాయల చేత ఇట్టానే చెప్పించేవాళ్ళా?"

ఏడున్నరకు ఫ్లోరా బయలుదేరింది. పొద్దున బడి ఉంది. పెంచలమ్మ ఎండు నెత్తళ్ళ పొట్లం కారులో పెట్టింది. ఫ్లోరా స్టీరింగ్ ముందు కూర్చుని, అద్దం దించి, "ఊఁ" అంది.

మొదలుపెట్టాను. తొమ్మిది, నాలుగు, నాలుగు... ఆరో అంకె దాకా బాగానే పోయాను. ఏడో అంకె దగ్గర ఆగాను. ఫ్లోరా కిటికీలోంచి చూస్తోంది, అందివ్వలేదు.

నా వెనక చీకట్లోంచి పెంచలమ్మ మిగిలిన నాలుగూ గడగడా అప్పజెప్పింది.

"మీరు పాసయ్యారు" అంది ఫ్లోరా. "ఆయన్ని పాస్ చేయించి పంపండి" అని కారు తిప్పుకుని, వెళ్ళిపోయింది.